మట్టి మిద్దె నుంచి బండల కప్పుకు: కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇల్లు, ఎండ, విద్యుత్తు

రాయలసీమ చరిత్రను కరువుల చరిత్రగా రాయడం పరిశోధకులకు అలవాటైన మార్గం. 1866 నాటి కరువు, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అన్నదానం, 1876–78 నాటి ధాత కరువు, కర్నూలు–కడప కాలువ వంటివి పలుమార్లు చర్చకు వచ్చిన విషయాలే. వాన కురవని ఏడు నమోదైనంతగా, ఏటా మార్చి నుంచి జూన్ దాకా తప్పక వచ్చే ఎండ నమోదు కాలేదు. కరువు అసాధారణ సంఘటన కాబట్టి దానికి దస్త్రాలున్నాయి. ఎండ నిత్యానుభవం కాబట్టి దాని ఆనవాళ్లను ఇంటి గోడల్లో, కప్పులో, ఆ కప్పును గురించి జనం వాడిన మాటల్లో వెతకవలసి ఉంటుంది.

కర్నూలు, కడప జిల్లాల్లో (2022 పునర్విభజనకు పూర్వపు హద్దులనే ఇక్కడ గ్రహించడం జరిగింది) గృహస్థులు వేసవిని ఇంట్లో ఉండి ఎట్లా తట్టుకున్నారు, ఆ పద్ధతులు ఏ కారణాల వల్ల మారాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేసవిలో ఇంటి విద్యుత్తు వాడకాన్ని నేడు సాధారణంగా వ్యక్తిగతమైన అలవాటుగా, పొదుపు దుబారాల లెక్కగా చూస్తున్నారు. ఈ ప్రాంతపు గృహచరిత్ర అందుకు భిన్నమైన సంగతి చెబుతుంది. ఇక్కడ వేడిని ఆపే పనిని మొదట ఇంటి కప్పు చేసేది. కప్పు మారినపుడు ఆ పని పంకాకు, తరువాత కూలరుకు, ఏసీకి బదిలీ అయింది. కప్పును ఎవరు, ఎందుకు మార్చారన్నది తేలకుండా వాడకందారుని బాధ్యతను గురించి చేసే చర్చ సగం చర్చే అవుతుంది.

నేల, గాలి

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ లోయ, దానికి దక్షిణంగా పెన్నా పరీవాహకం ఈ ప్రాంతానికి ప్రధాన భాగాలు. వర్షపాతం ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు హెచ్చితే గాని, లేదా ఏకంగా 45 డిగ్రీలు తాకితే గాని భారత వాతావరణ శాఖ దానిని వడగాలిగా పరిగణిస్తుంది. కర్నూలు, నంద్యాల, కడప పట్టణాలకు ఈ రెండో గీత కొత్తది కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత తెలుగునాట అంతటా ఉన్నా, ఇక్కడ అది అతిశయోక్తిగా వినిపించదు.

కోస్తా వేసవికీ సీమ వేసవికీ గాలి తేమలో భేదం ఉంది. విశాఖ, నెల్లూరు తీరాల్లో గాలి తడిగా ఉండి చెమట ఆరదు. రాత్రి కూడా ఉక్క తగ్గదు. సీమలో గాలి పొడిగా ఉండడం వల్ల పగలు మాడుస్తుంది గాని, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. తడి ఏదైనా ఇట్టే ఆరిపోతుంది. ఆరుతూ చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. నీళ్ల కుండ చల్లబడడానికీ, వాకిట కల్లాపి చల్లగానే సాయంత్రం గాలి మారడానికీ కారణం ఇదే. పగలు వేడిని బయట నిలిపి, రాత్రి చలువను అందుకోవడం, కొద్ది నీటిని ఆవిరిగా మార్చి వాడుకోవడం అన్న రెండు సూత్రాల మీద ఈ ప్రాంతపు పాత ఇల్లు నిలిచింది.

1830 మే 18న మద్రాసులో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి సాగాడు. సీమలో ఆయన ప్రయాణం సరిగ్గా నడివేసవిలో జరిగింది. కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీ దగ్గరా ఆయన పట్టించుకున్న విషయాలు నీటి వసతి, దిగడానికి చోటు. బాటసారికి నీరు, నీడ ఎంత ముఖ్యమో, కాపురం చేసేవాడికీ అంతే ముఖ్యం. కాకపోతే కాపురస్థుడు ఆ నీడను తానే కట్టుకోవాలి.

మిద్దె కట్టుబడి

సీమలో చదునైన కప్పున్న ఇంటిని మిద్దె అంటారు. పూరికప్పు ఇల్లు కొట్టం. కోస్తా జిల్లాల్లో పెంకుటిల్లు, మేడ అన్న మాటలకున్న వ్యాప్తి ఇక్కడ ఈ రెండింటికీ ఉంది. కడపలో ఉద్యోగం చేసి, ఈ ప్రాంతపు మాటలను దగ్గరగా విన్న సి.పి. బ్రౌన్ నిఘంటువులో మిద్దె శబ్దం చేరింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తి పదకోశాల వరుసలో బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వెలువడిన వాస్తు పదకోశం గృహనిర్మాణపు మాటలను ప్రాంతాలవారీగా నమోదు చేసిన ఆకరం. ఇంటి చరిత్ర రాయదలచినవారు రెవిన్యూ మాన్యువళ్ల కంటే ముందు తెరవవలసింది ఇటువంటి పదకోశాలనే.

మిద్దె గోడలు రాళ్లను మట్టి అడుసుతో పేర్చి కట్టినవి. రెండడుగుల మందం సాధారణం. పాత ఇళ్లలో అంతకు మించీ ఉంటుంది. లోపల కొయ్య స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు. దంతెల మీద యజమాని తాహతును బట్టి చెక్కలో, కట్టెపుల్లలో, రాతి పలకలో పరుస్తారు. వాటిపై ఆకు, గడ్డి, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. దిమ్మిసతో అణచి, నీరు తూముల వైపు జారేటట్లు వాలు తీరుస్తారు. పైరుకు పనికిరాని చౌడునేల మట్టి కప్పుకు ఎందుకు పనికివచ్చిందన్నది ఆలోచించదగిన విషయం. అందులోని సోడియం లవణాల వల్ల తడిసినపుడు బంకరేణువులు విడివడి సందులను పూడుస్తాయి. పొలంలో నీటిని ఇంకనివ్వని ఈ గుణమే రైతుకు శాపం, ఇంటికి రక్ష.

ఈ మట్టి కప్పు వేడిని ఆపే తీరులో మూల సూత్రం జాప్యం. మధ్యాహ్నం కప్పు మీద పడిన వేడి ఆ మందమైన పొరలగుండా కిందికి దిగడానికి గంటలు పడుతుంది. అది లోపలికి చేరే వేళకు బయట చీకటి పడి, ఇంటివారు ఆరుబయటికో మిద్దెపైకో చేరి ఉంటారు. తెల్లవారేసరికి కప్పు తన వేడిని ఆకాశానికి వదిలి మళ్లీ పగటికి సిద్ధమవుతుంది. కిటికీలు తక్కువ, చిన్నవి. వెలుతురు కోసం, పొయ్యి పొగ కోసం కప్పులో ఒక రంధ్రం ఉంటుంది. దానిని గవాచి అంటారు. గవాక్షం అన్న సంస్కృత పదం గోడ నుంచి కప్పుకెక్కి ఇట్లా మారడం భాషాపరంగానూ గమనార్హం. వేడెక్కిన గాలి పైకి పోయే దారి కూడా అదే. వాన వస్తే దానిని రాతి పలకతోనో బోర్లించిన కుండతోనో మూస్తారు.

ఇంటితోపాటు ఇంటివారి దినచర్యనూ కలిపి చూస్తే గాని మిద్దె పని అర్థం కాదు. ఎండాకాలంలో కుటుంబం ఒకే ఇంట్లో గంటగంటకూ చోటు మారేది. తెల్లవారుజామున పొలం, పొద్దెక్కాక పడసాల, మధ్యాహ్నం తలుపులు మూసిన నట్టిల్లు, పొద్దువాలాక అరుగు, రాత్రి నులక మంచంతో వాకిలి లేదా మిద్దె. తిండి కూడా వేళను బట్టి నడిచేది: పొద్దున మజ్జిగ కలిపిన అంబలి, వంట పని తెల్లవారే లోపు. నేటి వైద్యులు, విపత్తు నిర్వహణ సంస్థలు మధ్యాహ్నం వేళ బయటికి వెళ్లవద్దని ఇచ్చే సలహా ఆ దినచర్యలో అప్పటికే ఉన్నది.

అయితే ఈ చిత్రాన్ని పూర్తి నిజంగా స్వీకరించడం పొరపాటు. పొద్దెక్కాక పడసాలలో కూర్చోగలిగినవాడు భూమి ఉన్నవాడు. కూలికి పోయినవారికి మధ్యాహ్నపు నట్టింటి చలువ దక్కేది కాదు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఎక్కువగా ఉన్నవి కొట్టాలు. మిద్దెకు కావలసిన కలప, స్థలం, కట్టుబడి కూలి వారి అందుబాటులో లేవు. పూరికప్పు వేడిని బాగానే ఆపుతుంది, రాత్రి త్వరగా చల్లబడుతుంది కూడా. కాని వేసవిలో ఒక నిప్పురవ్వ వాడనంతటినీ బూడిద చేయగలదు. మిద్దె లోపల సైతం చలువ అందరికీ సమంగా అందలేదు. గాలి ఆడని వంటింట్లో కట్టెలపొయ్యి ముందు కూర్చున్న స్త్రీకి రెండడుగుల గోడ పొయ్యి వేడిని లోపలే నిలిపి ఉంచేది. చీకటి, పొగ, తేళ్లు, వానకాలపు ఉరుపు, ముసురు పట్టినపుడు నాని కూలే ప్రమాదం కూడా మట్టి మిద్దెలో భాగాలే. ఎడతెగని వానలకు పాత మిద్దెలు కూలి ప్రాణాలు పోవడం ఈ జిల్లాల్లో నేటికీ వింటున్న వార్త.

మిద్దె ఏటా పని కోరుతుంది. మృగశిర కార్తెకు ముందే పైకెక్కి, పగుళ్లు పూడ్చి, కొత్త చౌడు పోసి అణచాలి. అంటే కప్పు పని సరిగ్గా రోహిణి ఎండల్లో పడుతుంది. నీడనిచ్చే కప్పును నిలబెట్టడానికి ఎవరో ఒకరు నడిఎండలో దాని మీద నిలబడవలసిందే. ఈ శ్రమ ఏ కరెంటు బిల్లులోనూ కనబడని శక్తి వ్యయం. మట్టి మిద్దెను ఖర్చులేని చలువగా వర్ణించే రచనలు ఈ లెక్కను వదిలేస్తున్నాయి.

దొరల మార్గం

1800లో నిజాం నుంచి దత్తమండలాలను పొందిన కంపెనీ అధికారులకు సీమ ఎండ పరాయిది. వారు బంగళాల్లో ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, తలుపులకు తడిపిన వట్టివేళ్ల తడికెలు, దూలానికి వేలాడే గుడ్డ పంకా ఏర్పాటు చేసుకున్నారు. పొడిగాలి వీచే కడపలో తడిసిన వట్టివేళ్ల తడికె బాగా పనిచేస్తుంది. నేటి కూలరుది అదే సూత్రం. తడికె మీద నీరు చల్లడానికి ఒక మనిషి, పంకా తాడు లాగడానికి ఇంకొక మనిషి కావాలి. అధికారి చలువకు ఇంధనం కూలిమనిషి కండబలమే.

అది కూడా చాలనపుడు కొండెక్కారు. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870 ప్రాంతంలో మదనపల్లె సమీపాన ఉన్న ఏనుగు మల్లమ్మ కొండను వేసవి విడిదిగా ఎంచుకున్నాడు. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలోనే ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులోకి మారింది. మద్రాసు ప్రభుత్వం ఉదకమండలానికి పోయినట్లే జిల్లా పాలన ఆ కొండకు పోయింది. కొండకు దొర పేరే మిగిలింది. రెవిన్యూ, పంటలు, కరువుల మీద పుటలు నింపిన గ్రిబుల్ కడప మాన్యువల్ (1875), నరహరి గోపాలకృష్ణమ శెట్టి కర్నూలు మాన్యువల్ (1886) వంటి గ్రంథాలు ఈ ప్రాంతపు చరిత్రకు ప్రధాన ఆకరాలు. వాటిని కోరి రాయించుకున్న పాలనకు మాత్రం వేసవిలో దిగువన ఉండడం తప్పించుకోవలసిన పనిగా ఉండేది.

కలప కరవు, బండ రాక

మట్టి మిద్దె తగ్గుదలకు కలప ఒక ప్రధాన కారణం. 1882 మద్రాసు అటవీ చట్టంతో నల్లమల, లంకమల, శేషాచలం అడవులు రిజర్వు హద్దుల్లోకి వెళ్లాయి. పల్లెవాసి దూలానికీ దంతెకూ అడవికి పోయే స్వేచ్ఛ కుంచించుకుపోయింది. 1921–22లో పల్నాడుతోపాటు రాయచోటి తాలూకాలోనూ అటవీ నిబంధనలపై నిరసన చెలరేగడానికి పుల్లరి, మేతలతోపాటు ఇంటి అవసరాలనూ కలిపి చూడవలసి ఉంది.

రెండవ కారణం కాళ్ల కిందే ఉంది. 1872లో విలియం కింగ్ భారత భూగర్భ పరిశోధన సంస్థ తరఫున వివరించిన కడప, కర్నూలు శిలాసముదాయాల్లో నార్జి సున్నపురాయి ఒకటి. పొరలు పొరలుగా చీలే ఈ నల్లని, బూడిదరంగు రాయినే నాపరాయి అంటారు. బయటి ప్రాంతాల వర్తకంలో దాని పేరు కడప బండ. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలు దీనికి నిలయాలు. మద్రాసు–బొంబాయి రైలు మార్గం 1871 నాటికి పూర్తయి, ఎర్రగుంట్ల మీదుగా సాగడంతో బండ దూరప్రాంతాలకు చేరగలిగింది. తెలుగుదేశంలో అరుగుకు, వంటింటి గట్టుకు, గచ్చుకు కడప బండ పరచని పట్టణం అరుదు.

నేల మీద పరిచిన నాపబండ చల్లన. భూమి వేడిని అది అట్టే పెంచుకోదు. వేసవి మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచిన బండ మీద పడుకోవడం సీమలో సామాన్యమైన అలవాటు. అదే బండను కప్పుకు ఎక్కించినపుడు దాని గుణం తిరగబడింది. కొయ్య దూలాల మీదో ఇనుప పట్టాల మీదో అంగుళం, రెండంగుళాల బండలు పరచి, సందులకు సున్నపు గారో సిమెంటో పూసే పద్ధతి స్థిరపడింది. పైన మట్టి పోసినవారున్నారు. పోయనివారే క్రమంగా ఎక్కువయ్యారు. ముదురు రంగు రాయి ఎండను పీల్చుకుంటుంది. రెండంగుళాల మందానికి జాప్యం గంటల్లో ఉండదు. మధ్యాహ్నానికే లోపలి ముఖం కాలి, అర్ధరాత్రి దాకా మంచం మీదికి వేడి దిగుతుంది. ఉరుపు లేదు, తేలు లేదు, ఏటా చౌడు పని లేదు. ఈ మూడు సుఖాలకూ ఇంటివారు చెల్లించిన మూల్యం వేసవి రాత్రి నిద్ర.

1980ల నుంచి ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలు విస్తరించినపుడు పక్కా ఇల్లు అన్న మాట పాలనా భాషలో స్థిరపడింది. పక్కా అంటే సిమెంటు కాంక్రీటు కప్పు. కొట్టాల్లో ఉన్నవారికి ఆ కప్పు నిప్పు నుంచి రక్షణ, చట్టబద్ధమైన పట్టా, గౌరవం. దీనిని చిన్నచూపు చూడడం తగదు. కాని నాలుగైదు అంగుళాల స్లాబు కింద ఒకే గది, ఎదురు కిటికీ లేని గోడలు, చెట్టుకు చోటులేని స్థలం అన్న నమూనా నిప్పును ఆపినంతగా ఎండను ఆపలేదు. జనాభా లెక్కల వర్గీకరణ సైతం ఇందుకు దోహదం చేసింది. 2001, 2011 గృహగణనల్లో కప్పుల జాబితాలో గడ్డి, తాటాకు, వెదురు, కలప, మట్టి ఒకే గడిలో ఉన్నాయి. ఊళ్లో అందరికంటే బలమైన మట్టి మిద్దె, ఊరిబయటి గడ్డి గుడిసె ఈ లెక్కలో ఒకటే. బలాన్ని కొలిచే ఈ వర్గీకరణకు చలువను కొలిచే ఉద్దేశమే లేదు. కొలవని గుణం పథకాల నమూనాల్లోకి రాలేదు.

కరెంటు వచ్చిన తీరు

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది. భవనాలు చాలక కార్యాలయాలు, ఉద్యోగుల నివాసాలు డేరాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలేలోగా ఆ రాష్ట్రం గడిపిన వేసవులు మూడు. గుడ్డ కప్పు కింద గడచిన ఆ వేసవులు కర్నూలు ఎండకు కోస్తా ఉద్యోగుల్లో చెడ్డపేరు తెచ్చాయి. ఆ పేరు వెనుక ఊరి ఎండ ఎంతో డేరా గుడ్డా అంతే.

1950ల చివర తుంగభద్ర జలవిద్యుత్తు, 1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. పల్లెలకు విద్యుత్తు మొదట చేరింది మోటారు కోసం. ఇంటికి దీపం, దీపం తరువాత పంకా. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు 1980ల ఆరంభంలో కరెంటు ఇవ్వసాగింది. కుడిగట్టు విద్యుత్కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. దాని జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలు మునిగాయి. మునిగే గుళ్లలో కొన్నిటిని రాయి రాయిగా విప్పి వేరేచోట నిలిపారు; కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లా ఆలంపురం చేరింది. ఇళ్లకు ఆ అవకాశం లేదు. నిర్వాసితులు విప్పుకోగలిగిన దూలాలు, తలుపులు విప్పుకున్నారు. మట్టి, రాతిగోడ నీటి పాలయ్యాయి. కొత్త ఊళ్లలో వారు ఇరుకు స్థలాల్లో, కొత్త పద్ధతి కప్పుల కింద మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఈ ప్రాంతంలో పాత మిద్దె అంతర్ధానానికీ కరెంటు రాకకూ ఇంత ప్రత్యక్షమైన సంబంధం ఇంకొకటి కనబడదు.

ఎర్రగుంట్ల, ముద్దనూరుల సమీపాన కలమళ్ల దగ్గర రాయలసీమ తాప విద్యుత్కేంద్రం 1994–95లో మొదటి రెండు 210 మెగావాట్ల యూనిట్లతో ఆరంభమై, 2018 నాటికి 1650 మెగావాట్లకు చేరింది. దానికి బొగ్గు రైలు మీద దూరం నుంచి రావాలి. బండ కప్పుల ఊళ్ల నడుమ బొగ్గు మండించి, ఆ కప్పుల కింద పంకాలు తిప్పడం ఇరవయ్యవ శతాబ్ది చివరకు వచ్చిన స్థితి.

నేతగాని ఇల్లు దీనిని ఇంకా స్పష్టంగా చూపుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఎమ్మిగనూరు, కోడుమూరు వంటి చోట్ల గుంటమగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేలలో తవ్విన గుంట, చుట్టూ మట్టిగోడ, మందపు కప్పు కలిసి నూలుకు కావలసిన తేమను నిలిపేవి. పొడిగాలికి పోగు తెగుతుంది. బండ కప్పు కింద వేడికి నేతగాడు పంకా వేసుకుంటే గాలికి తడి ఆరి పోగు బిరుసెక్కుతుంది. ఆపితే తాను తాళలేడు. ఇల్లే పనిచోటైనవారికి మధ్యాహ్నపు వేడి నేరుగా కూలి నష్టం.

నేటి లెక్క

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యికి పైగా ప్రాణాలు పోయినట్లు అధికార లెక్కలు చెప్పాయి. ఇంటి చలువ ఆరోగ్య విషయం కూడానని ప్రభుత్వాలు గుర్తించవలసిన స్థితి వచ్చింది. అందువల్ల విద్యుత్తు పొదుపు అన్న మాటను ఈ జిల్లాల్లో జాగ్రత్తగా వాడాలి. ఎండకు అల్లాడే ఒంటిగది ఇంటివారు పంకా ఆపడం పొదుపు కాదు.

సాధనాల మధ్య తేడాలు మాత్రం చిన్నవి కావు. మామూలు సీలింగ్ పంకా 70–75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ పంకా 30 వాట్ల దరిదాపుల్లో అదే గాలి ఇస్తుంది. కూలరుకు 150–200 వాట్లు చాలు. టన్నున్నర ఏసీ నడిచేటపుడు సుమారు 1500 వాట్లు లాగుతుంది. 40 డిగ్రీలు దాటినపుడు పంకా ఒక్కటే నమ్ముకుంటే వేడిగాలి ఒంటిని మరింత వేడెక్కించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. తడి గుడ్డ, తడి తెర తోడైతే సీమ పొడిగాలిలో పంకా పని మెరుగుపడుతుంది. ఇక్కడ కూలరు తీరప్రాంతంలో కంటే చాలా బాగా పనిచేస్తుంది. ఒక కిటికీ తెరిచి గాలికి దారి ఇస్తేనే. కాని అది రోజుకు పదుల లీటర్ల నీరు తాగుతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే వీధిలో కూలరు నీరు ఎవరి వాటాలోంచి వస్తుందన్న ప్రశ్న తప్పదు. ఏసీల విషయంలో 2020 జనవరి నుంచి కొత్త యంత్రాలు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందన్నది ఆ సంస్థ అంచనా. కాలిన స్లాబు కింద ఏసీ మొదట చల్లబరచవలసింది గాలిని కాదు, కప్పును. ఆ లెక్క యంత్రం మీది నక్షత్రాల్లో కనబడదు.

2017లో కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల పరిధిలో వెయ్యి మెగావాట్ల సౌర ఉద్యానం పూర్తయింది. ఏ ఎండ నుంచి ఇల్లు తప్పించుకోజూసిందో ఆ ఎండే ఇపుడు కరెంటు. అయితే పలకలు మధ్యాహ్నం ఎక్కువ ఇస్తాయి, పొద్దు వాలితే ఆగిపోతాయి. బండ, స్లాబు కప్పులు పగలు పీల్చిన వేడిని దించేది సరిగ్గా ఆ తరువాతే. రాత్రి ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య పంకాలు, ఏసీలు అడిగే కరెంటును బొగ్గో, నీరో, నిల్వ ఏర్పాటో ఇవ్వాలి. పాత మిద్దె కింద ఆ వేళకు ఇంట్లో మనిషే ఉండేవాడు కాదు. దొంగభయం, దోమలు, పక్క మేడల చూపు, వీధుల్లో వాహనాలు, ఆడవారి భద్రత కలిసి ఆరుబయటి పడకను పట్టణాల్లో దాదాపు తుడిచివేశాయి. విద్యుత్ సంస్థ రాత్రి డిమాండు గీతలో ఈ సామాజిక మార్పూ కలిసి ఉన్నది.

కప్పుకు తిరిగి పని అప్పగించే ప్రయత్నాలు లేకపోలేదు. స్లాబు మీద సున్నం పూయడం, తెల్ల పెంకులు పరచడం, తడి గోనెలు కప్పడం, పైన చప్పరం వేయడం ఈ జిల్లాల్లో ఇంటివారు తమంతట తాము చేస్తున్న పనులు. పొరుగున తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. సున్నపురాయికి నిలయమైన కర్నూలు, కడపల్లో సున్నం కోసం దూరం పోనక్కరలేదు. వేసవి ముందు రెండు పూతల సున్నం, ఏటా ఒక రోజు పని. పాత చౌడు పనికి ఇది దగ్గరి చుట్టం. అద్దె ఇంట్లో ఉన్నవాడు యజమాని కప్పుకు సున్నం ఎందుకు వేస్తాడు, యజమాని తాను కట్టని కరెంటు బిల్లు కోసం ఎందుకు వేయిస్తాడు అన్న చిక్కు మాత్రం పట్టణాల్లో తీరలేదు.

మిద్దె అన్న మాట వాడుకలో చెరగలేదు. సీమలో నేడు కాంక్రీటు ఇంటినీ మిద్దె అనే అంటారు. మట్టి కప్పున్నదానిని వేరుచేయవలసి వచ్చినపుడే మట్టి మిద్దె అంటారు. ఒకప్పుడు విశేషణం అక్కరలేని వస్తువుకు ఇపుడు విశేషణం చేరింది. గవాచి అన్న మాట కొత్త ఇళ్లలోకి రాలేదు. స్లాబు మీద తొట్లలో కూరగాయలు పెంచే అలవాటుకు ఇటీవల తెలుగునాట అంతటా మిద్దె తోట అన్న పేరు స్థిరపడింది. కడప, కర్నూలు పట్టణాల్లో ఆ తొట్ల కోసం మళ్లీ మట్టిని కప్పు మీదికి మోస్తున్నారు.